మధ్యలో మడ్డి

“అమ్మాయ్, నీ ఉద్యోగం నీళ్ళ లెక్కలేనంట కదా. మా రొయ్యల చెరువులో ఏరియేటర్లు ఎక్కడ పెట్టాలో చెప్పు చూద్దాం.”

కనుమ నాడు భోజనాల దగ్గర మావయ్య అన్న మాట. పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ముచ్చటేసింది. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో నేనేం చేస్తున్నానో ఇంట్లో ఒక్కళ్ళూ అడిగిన పాపాన పోలేదు. “కంప్యూటర్లో ఏదో చేస్తుందండీ” అని అమ్మ చుట్టాలకి చెబుతుంది, అక్కడితో సరి. పంపుల్లో, వాల్వుల్లో, ఏసీ గొట్టాల్లో నీరో గాలో ఎలా పారుతుందో వస్తువు తయారుకాకముందే లెక్కకట్టి చూపించడం నా పని. సీఎఫ్‌డీ అంటాం. అందులో సగానికి సగం తలనొప్పి టర్బులెన్స్‌తోనే. పుస్తకాల్లో సంక్షుబ్ధ ప్రవాహం అని రాస్తారు. వరద గోదారిని చూస్తూ పెరిగినవాళ్ళకి అంత పెద్ద మాట అక్కర్లేదు, “నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి” అంటే చాలు.

“రేపే వస్తా మావయ్యా” అన్నాను. ఆ ఉత్సాహం ఖరీదెంతో ఏప్రిల్లో తెలిసింది.

చెరువు కోనసీమలో అల్లవరం వైపు. గట్టు మీద నిలబడితే సముద్రం కనపడదు గానీ గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఒకప్పుడు వరి పండిన నేల, ఇప్పుడు వనామీ రొయ్య. ఎకరం చెరువు, దాదాపు నలుచదరం, పక్క 64 మీటర్లు, లోతు ఒకటిన్నర మీటరు. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు. తెల్లటి ప్లాస్టిక్ రెక్కల చక్రాలు నీళ్ళని చిమ్ముతూ చెరువు మొత్తాన్ని మెల్లగా ఒక వైపుకి గుండ్రంగా తిప్పుతుంటాయి. రొయ్యలకి రాత్రిపూట ఊపిరి అవే. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ వెంటనే అందుకోకపోతే రొయ్య పైకి తేలుతుంది. మా మావయ్య ఫోను తలకింద పెట్టుకుని పడుకునేది అందుకే.

ముందు నీటి వేగం కావాలి. ఆఫీసులో అయితే దానికో పరికరం ఉంటుంది. ఇక్కడ ఒక ఎండు కొబ్బరికాయ దొరికింది. పది మీటర్ల దూరంలో రెండు వెదురు గెడలు పాతించి, కొబ్బరికాయ నీళ్ళలో వదిలి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను. 66 సెకన్లు పట్టింది. మూడుసార్లు చేసినా రెండు మూడు సెకన్ల తేడాయే. అంటే సెకనుకి 15 సెంటీమీటర్లు. చెరువు చూసుకునే కుర్రాడు కొబ్బరికాయ వెంట గట్టు మీద నడుస్తూ “ఆయ్, ఇది మీ చదువులో చెప్పిందేనాండి?” అన్నాడు. అవునన్నాను. కొబ్బరికాయ తేలే వస్తువనీ, అది చెప్పేది పైనీటి కబురేననీ నాకు తెలియక కాదు. ఆ క్షణాన దాని గురించి ఆలోచించలేదు, అంతే.

వేగాన్ని లోతుతో హెచ్చవేసి నీటి చిక్కదనంతో భాగిస్తే వచ్చేది రెనాల్డ్స్ సంఖ్య. ఆస్బోర్న్ రెనాల్డ్స్ 1883లో మాంచెస్టర్‌లో గాజు గొట్టంలోకి నీళ్ళు వదిలి, మధ్యలో సన్నగా రంగు చారని పంపి చూశాడు. వేగం తక్కువున్నంతసేపూ రంగు దారంలా తిన్నగా పోయింది. వేగం పెంచుతూ పోతే ఒక దగ్గర ఆ దారం వణికి, చెదిరి, గొట్టమంతా కలిసిపోయింది. గొట్టాల్లో ఆ సంఖ్య ఇంచుమించు 2000 దాటాక ఈ గొడవ మొదలవుతుంది. పెరట్లో కుళాయి కొద్దిగా తిప్పితే నీరు గాజు కడ్డీలా కదలకుండా దిగుతుంది, ఇంకాస్త తిప్పితే గరుకెక్కి చిందుతుంది, అదే సంగతి. మావయ్య చెరువులో ఈ సంఖ్య 2.8 లక్షలు వచ్చింది. పైనుంచి చూస్తే నిద్రపోతున్నట్టుండే నీళ్ళు!

ఈ గొడవ లేకపోతే రొయ్యే లేదు. ఆక్సిజన్ పైనుంచి అడుగుకి వెళ్ళాలి కదా. నీళ్ళు పూర్తిగా కదలకుండా ఉండి, అణువులు వాటంతట అవే పాకుతూ ఒకటిన్నర మీటరు దిగాలంటే ఎంత కాలం పడుతుందో ఆ రాత్రి ఇంటి అరుగు మీద కూర్చుని ముతకగా లెక్కేశాను. 35 ఏళ్ళు వచ్చింది. సుళ్ళు కలిపితే గంట లోపే. ఏరియేటర్ చిమ్మే నీళ్ళే అందరికీ కనబడతాయి గానీ, అది చేసే అసలు మేలు కింద ఈ కలపడంలోనే ఉంది.

మరి ఇదంతా కంప్యూటర్లో పెట్టడం ఎలా? నీటి కదలికకి సమీకరణాలు ఎప్పట్నుంచో ఉన్నాయి, నావియర్, స్టోక్స్ అనే ఇద్దరి పేర్ల మీద. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా విప్పాలంటే చెరువంత పెద్ద సుడి నుంచి మిల్లీమీటరు కన్నా చిన్న సుడి దాకా అన్నిటినీ పట్టుకోవాలి. దానికి ఎన్ని బిందువుల దగ్గర లెక్క చెయ్యాలో చెప్పే ఒక ముతక సూత్రం ఉంది: రెనాల్డ్స్ సంఖ్యని రెండుంపావు ఘాతానికి పెంచడం. మావయ్య చెరువుకి అది 1.8 లక్షల కోట్లు. బడ్జెట్ ప్రసంగాల్లో తప్ప మనం వినని అంకె. నా దగ్గరున్నది ఒక లాప్‌టాప్, అదీ పండగ సెలవులకి తెచ్చుకున్నది.

“ఇంత రభస ఎందుకే, ఒక తొట్టిలో చిన్న చెరువు చేసి చూస్తే పోలా?” అన్నాడు మావయ్య. తెలివైన ప్రశ్నే. 1916లో మొదలై ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న జల పరిశోధన కేంద్రంలో డ్యాముల నమూనాలు కట్టి చేసేది అదే. కాకపోతే అవి పెద్ద పెద్ద నమూనాలు. మన చెరువుని వందో వంతుకి కుదిస్తే 64 సెంటీమీటర్ల తొట్టిలో ఒకటిన్నర సెంటీమీటరు నీళ్ళు. అలల పోలిక కుదరాలని వేగాన్ని పదో వంతు చేస్తే రెనాల్డ్స్ సంఖ్య వెయ్యో వంతుకి, అంటే 280కి పడిపోతుంది. తొట్టిలో నీళ్ళు రంగు దారంలా బుద్ధిగా తిరుగుతాయి. అక్కడ సుడే ఉండదు, ఇక దాన్ని చూసి నేర్చుకునేదేముంది?

అందుకని మేం చేసేది సగటు తీయడం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదలప్పుడు టీవీ కింద పరిగెత్తే ఈ అంకెలు కోనసీమలో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. కానీ స్కేలు దగ్గర నీళ్ళు ఎప్పుడైనా ఒక చోట ఆగాయా? ఎగిరిపడుతుంటాయి, జారుతుంటాయి. చూసేవాడు కాసేపు కన్నార్పకుండా చూసి మధ్యస్థంగా ఒక అంకె రాసుకుంటాడు. రెనాల్డ్స్ 1895లో సమీకరణాలకి చేసిందీ అదే. ప్రతి వేగాన్నీ సగటు, దాని చుట్టూ ఊగిసలాట అని రెండుగా విడగొట్టి, మొత్తానికి సగటు తీశాడు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. రెండు ఊగిసలాటల్ని ఒకదాంతో ఒకటి హెచ్చవేసి సగటు తీస్తే సున్నా రాదు. మావయ్యకి దీన్ని మేత లెక్కలో చెప్పాను. చెరువులో చదరపు మీటరుకి సగటున ఇన్ని రొయ్యలు, సగటున ఇన్ని గ్రాముల మేత అని తెలుసు. ఈ రెండిటినీ పట్టుకుని ఎంత మేత తిన్నాయో చెప్పగలమా? రొయ్యలన్నీ గట్టు వారన ఉండి మేతంతా మధ్యలో పడితే తిన్నది సున్నా. సగటులు రెండూ సరిగ్గానే ఉంటాయి. రెండూ ఒకే చోట పెరిగాయా, ఒకే చోట తగ్గాయా అన్నది విడిగా తెలియాలి. నీటి వేగాల్లో ఇలా విడిగా తెలియాల్సినవి ఆరు మిగులుతాయి, వాటికి సమీకరణాలు ఉండవు. రాద్దామని కూర్చుంటే కొత్తగా ఇంకొన్ని తెలియనివి పుట్టుకొస్తాయి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. ఎక్కడో ఒక చోట ఆపి “ఇది ఇంత అనుకుందాం” అనాల్సిందే. టర్బులెన్స్ మోడల్ అంటే ఆ అనుకోవడమే.

బుస్సినెస్క్ అనే ఫ్రెంచాయన 1877లోనే ఒక దారి చూపించాడు. సుళ్ళు చేసే కలపడాన్ని నీటి చిక్కదనం పెరిగినట్టుగా చూద్దాం అన్నాడు. మావయ్య చెరువుకి ఆ నకిలీ చిక్కదనం ఎంతో లెక్కేస్తే నీటి చిక్కదనానికి సుమారు వెయ్యి రెట్లు వచ్చింది. అది ఇంచుమించు ఆముదం చిక్కదనం. అంటే నా లాప్‌టాప్‌లో ఉన్నది ఎకరం ఆముదం. ఈ మాటకి అత్తయ్య చాలాసేపు నవ్వింది. ఇప్పటికీ ఫోన్ చేస్తే “ఆముదం ఎంతవరకొచ్చింది?” అని అడుగుతుంది.

చిక్కదనం చెరువంతా ఒకేలా ఉండదు కాబట్టి ఎక్కడ ఎంతో చెప్పడానికి రెండు అదనపు సమీకరణాలు: సుళ్ళలో ఎంత శక్తి ఉంది, అది ఎంత వేగంగా ఆరిపోతోంది. కే-ఎప్సిలాన్ అని మా వృత్తిలో అందరూ మొదట నేర్చుకునే మోడల్ ఇది. లాండర్, స్పాల్డింగ్ 1974లో రాసిన పేపర్లో అచ్చయిన ఐదు అంకెలు, 0.09, 1.44, 1.92, 1.0, 1.3, ఇవాళ్టికీ సాఫ్ట్‌వేర్లలో అలాగే ఉన్నాయి. దేవుడిచ్చినవి కావవి. వాటిలో 1.92 జల్లెడలాంటి వల దాటి వచ్చిన గాలిలో సుళ్ళు ఎంత త్వరగా చచ్చిపోతాయో కొలిచి తెచ్చింది. అలాంటి అంకెల్ని పట్టుకుని రొయ్యల చెరువులోకి దిగుతున్నామని అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవడం మంచిది. ఆఫీసులో మేం ఎక్కువగా వాడేది మెంటర్ అనే ఆయన 1994లో ఇచ్చిన ఎస్‌ఎస్‌టీ మోడల్, పంపు రెక్కల మీద అదే నయం. పెద్ద సుళ్ళని నిజంగా లెక్కకట్టి చిన్నవాటికే మోడల్ పెట్టే ఎల్‌ఈఎస్ పద్ధతి కూడా ఉంది. వాతావరణం లెక్కల కోసం స్మగోరిన్స్కీ 1963లో మొదలుపెట్టింది. దానికి నా లాప్‌టాప్ చాలదు, మావయ్య ఓపిక అసలే చాలదు.

ఇక్కడి దాకా నేను చేసిందాంట్లో తప్పు లేదు.

ముక్కనుమ గడిచిపోయింది, ఆదివారం రాత్రి బస్సు. టైము లేదని చెరువు లోతు మొత్తానికి ఒకే వేగం అనుకుని, పైనుంచి చూసిన బొమ్మలా రెండు కొలతల్లోనే లెక్క పెట్టాను. 25 సెంటీమీటర్ల గళ్ళు, మొత్తం 65 వేలు. పావుగంటలో అయిపోయింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందనుకున్నారు! నాలుగు ఏరియేటర్లనీ నాలుగు మూలలకి మార్చి కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహం చక్కని వలయంలా వస్తోంది. మూలల్లో నిలవనీరు పోయింది. మధ్యలో నీలంగా చిన్న మచ్చ, అంతే. దాన్ని ప్రింటు తీసి, “మధ్యలో కూడా నీళ్ళు బాగానే కలుస్తున్నాయి, ఇక తెప్ప మీద వెళ్ళి చెరువంతా సమానంగా మేత చల్లొచ్చు మావయ్యా” అని చెప్పాను. అంతకుముందు ఆయన గట్టు నుంచి పది పదిహేను మీటర్ల పట్టీలోనే చల్లేవాడు. ఎందుకని అడగలేదు. అలవాటు అనుకున్నాను.

ఫిబ్రవరిలో సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వేశారు. 40 రోజుల దాకా అంతా బాగుంది. రోజూ వాట్సాప్‌లో, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేల ఫోటోలు వచ్చేవి, ట్రేలు ఖాళీగా, రొయ్యలు చురుగ్గా. 50వ రోజు దాటాక ఫోటోలు తగ్గాయి. ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను. “మధ్యలో ట్రేలో మేత అలాగే ఉందే. వాసన కూడా ఏదో తేడాగా ఉంది.”

ఆ శనివారం రావులపాలెంలో బస్సు దిగి తిన్నగా చెరువు దగ్గరికే వెళ్ళాను. కుర్రాడు మెడ లోతు నీళ్ళలోకి దిగి మధ్యకి నడుస్తూ పోయాడు. పదడుగులకోసారి వెనక్కి తిరిగి “గట్టిగానే ఉందండి” అని అరుస్తున్నాడు. ఒక దగ్గర ఆగిపోయాడు. “ఇక్కణ్ణించి కాలు దిగిపోతందండి.” మునిగి గుప్పెడు తీసుకొచ్చి గట్టు మీద పెట్టాడు. నల్లటి మడ్డి, తారు రంగు, వేళ్ళ మధ్య నుంచి జిగురుగా జారుతోంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. అందులో తినకుండా ఉబ్బిన మేత గుళికలు. నేను చల్లమన్న మేత.

నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే డీఓ మీటరు తీగ అడుగు దాకా వదిలి మర్నాడు తెల్లవారకముందు చూశాం. గట్టు దగ్గర లీటరుకి 5 మిల్లీగ్రాములకి కొంచెం తక్కువ. మధ్యలో పైన 4.6, అడుగున 2.1. నా బొమ్మలో ఉన్నది ఆ రెండిటి సగటు. సగటు మీద రొయ్య బతకదు, అది ఉండేది అడుగునే.

మా వృత్తిలో లెక్క తప్పితే మొదటి ముద్దాయి టర్బులెన్స్ మోడలే. “కే-ఎప్సిలాన్ కదా, అంతే మరి” అనేస్తే మీటింగ్ అయిపోతుంది. నాకూ ఆ మాట నోటిదాకా వచ్చింది. నిజానికి పాపం దానిది కాదు. రెనాల్డ్స్ తీసిన సగటు పైన నేను సొంతంగా ఇంకో సగటు తీశాను, లోతు మీద. అది చెయ్యమని ఆ కే-ఎప్సిలాన్ పేపర్లో లేదు. ఆదివారం బస్సు కోసం చేసిన పని.

ఆ సగటులో ఏం కొట్టుకుపోయిందో చూడ్డానికి చెరువు గట్టున పాకలో ఇచ్చిన టీ గ్లాసు చాలు. పంచదార కలుపుతూ చెంచా గుండ్రంగా తిప్పి వదిలేస్తే టీపొడి నలుసులు ఎక్కడికి చేరతాయి? తిరిగే దాంట్లో బరువైనవి బయటికి పోవాలి కదా అనిపిస్తుంది. చేరేది మాత్రం మధ్యకే. నీళ్ళు తిరుగుతుంటే అంచున మట్టం ఒక వెంట్రుకవాసి లేస్తుంది, మధ్యలో దిగుతుంది. దాంతో అంచు నుంచి మధ్యకి ఒక తోపు పుడుతుంది. పైన నీరు వేగంగా తిరుగుతోంది కాబట్టి ఆ తోపుని తట్టుకుని బయటే ఉండగలదు. అడుగున నీటిని నేల పట్టి లాగుతుంది, వేగం తగ్గుతుంది, తోపు మాత్రం అంతే ఉంటుంది. అందుకని అడుగు నీరు ఓడిపోయి మధ్యకి జారుతుంది, నలుసుల్ని వెంటబెట్టుకుని. మధ్యలో పైకి లేచి, మళ్ళీ పైనుంచి బయటికి. ఈ నిలువు తిరుగుడుని లోతు మీద సగటు తీస్తే ఏముంటుంది? అడుగున లోపలికి ఎంతో పైన బయటికి అంతే. మొత్తం సున్నా.

నేను చేసిన ఇంకో ఘనకార్యం ఏమిటంటే, ఏరియేటర్లని మూలలకి మార్చి ఆ వలయాన్ని ఇంకా బలంగా తిప్పించాను. చెరువులో ఉన్న చెత్తనంతా ఊడ్చి మధ్యలో పోగేసి, అక్కడే కూర్చుని తినండని రొయ్యలకి భోజనం పెట్టించాను.

ఈసారి పని తొందరపడి చెయ్యలేదు. లోతుని 20 పొరలుగా చేస్తే గళ్ళు 13 లక్షలయ్యాయి. అడుగు పొర దగ్గర మళ్ళీ ఒక తిరకాసు. నేలకి మిల్లీమీటరు దూరంలో నీటి వేగం పడిపోయే తీరుని గళ్ళతో పట్టుకోలేం, అందుకని గోడ సూత్రం అనే ఒక అడ్డదారి వాడతాం. గోడ నుంచి ఇంత దూరంలో వేగం ఇలా ఉంటుందని ముందే తెలిసిన వరసని అతికించడం. ఆ మొదటి గడి మరీ చిన్నదైనా తప్పే, ఈ చెరువుకి దాని మధ్య బిందువు కనీసం మూడు మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. నేల నీటిని ఎంత లాగుతుందన్న ఆ ఒక్క సంగతి మీదే నా మడ్డి కుప్ప మొత్తం ఆధారపడి ఉంది. శ్రీహరికోట కేంద్రానికి పేరైన సతీష్ ధావన్ రాకెట్ల సంగతికి ముందు, 1950ల మొదట్లో కాల్టెక్‌లో చేసిన పని ఇదే కోవలోది. గోడని రాసుకుంటూ పోయే గాలి దాన్ని ఎంత లాగుతుందో నేరుగా కొలిచాడు. చదువుకునే రోజుల్లో ఆ పాఠం పరీక్ష కోసం చదివి వదిలేశాను.

రెండు రాత్రులు లాప్‌టాప్ ఫ్యాను గోల పెట్టింది. అడుగు పొరలో బాణాలు చూస్తే అన్నీ వలయంలో తిరుగుతూనే కాస్త లోపలికి వంగి ఉన్నాయి. లోపలికి వేగం సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లు. చీమ నడక. ఆ చీమ నడకే రాత్రింబవళ్ళు 50 రోజులు నడిచింది.

ఈ టీపొడి కథ ఐన్‌స్టైన్ 1926లో ఒక చిన్న వ్యాసంలో రాశాడు, నదులు వంకర్లు తిరగడానికి కారణం చెబుతూ. అంతకు 50 ఏళ్ళ ముందే, 1876లో, లార్డ్ కెల్విన్ అన్నగారు జేమ్స్ థామ్సన్ ఒండ్రు నేలల్లో నదులు ఎందుకు మెలికలు తిరుగుతాయో ఇదే తీరుగా వివరించాడు. నది మలుపు తిరిగినచోట అడుగు నీరు లోపలి గట్టు వైపు జారుతూ ఇసకని అక్కడ పడేస్తుంది, పైనీరు బయటి గట్టుని కోస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ పుట్టింటి లంకలో భూమి ఏటేటా ఎలా కోతకి పోయిందో, ఎదురు ఒడ్డున ఇసక ఎలా మేట వేసిందో చిన్నప్పుడు కథలు కథలుగా విన్నాను. కొబ్బరిచెట్లతో సహా గట్టు ఒరిగిపోయేదట. మలుపుల గురించి ఇంత విని పెరిగిన నేనే చెరువుని బల్లపరుపు బొమ్మ చేశాను చూడండి, అదీ నాకు మింగుడుపడనిది.

మధ్యలో మేత ఆపేశారు. ఉన్న మడ్డిలో కొంత పైపు పెట్టి తోడారు. 50 కౌంట్‌కి, అంటే కిలోకి 50 రొయ్యలు తూగే సైజుకి, పట్టాలనుకున్నది 70 కౌంట్ దగ్గరే పట్టుబడి చేసేశారు, ఇంకా ఉంచితే మొదటికే మోసం వచ్చేలా ఉంది. ఎంత పోయిందో మావయ్య చెప్పలేదు. అత్తయ్య చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. తేడా నేను భరిస్తానంటే ఆయన కోప్పడ్డాడు, అదొక్కదానికే కోప్పడ్డాడు. గట్టు వారనే మేత ఎందుకు చల్లేవారని అప్పుడు అడిగాను. “మధ్యలో మడ్డి ఉంటది కదే” అన్నాడు, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలుగా. “మరి సంక్రాంతికి చెప్పలేదే?” “నువ్వు కంప్యూటర్లో చూసి చెబుతుంటే, మారిందేమో అనుకున్నా.”

ఒక సంగతి మాత్రం ఈ లెక్కలో ఇంకా పెట్టలేదు. గట్టి వాన పడితే మంచినీరు ఉప్పునీటి మీద మీగడలా నిలుస్తుంది. తేలికనీరు పైన, బరువునీరు కింద ఉంటే వాటిని కలపడానికి సుడికి శక్తి ఖర్చవుతుంది, త్వరగా ఆరిపోతుంది. మామూలు కే-ఎప్సిలాన్‌కి బరువు తేడా తెలియదు, దానికి వేరే పదం కలపాలి. వాన వెలిసీ వెలియకముందే రైతులు తూము పైపలక తీసి పైనీటిని వదిలెయ్యడం ఊరకే కాదు.

రెండో పంటకి ముందు, చెరువు నింపి ఏరియేటర్లు తిప్పి చూస్తున్న రోజుల్లో, మళ్ళీ వెళ్ళాను. ఈసారి కొబ్బరికాయతో పాటు ఇంకోటి పట్టుకెళ్ళాను. అర లీటరు నీళ్ళ సీసాలో చెరువు నీళ్ళు నింపి, అడుగుని ఆనుకుని దొర్లేటంత బరువు వచ్చేదాకా చెంచాడు చెంచాడు ఇసక వేసి, మూతకి ఒకటిన్నర మీటరు దారం, దారం చివర గోళీకాయంత థర్మాకోల్ ముక్క. పైన తేలే ముక్క కింద సీసా ఎక్కడుందో చెబుతుంది. రెండిటినీ గట్టుకి ఏడెనిమిది మీటర్ల దూరంలో ఒకే చోట వదిలాం. కొబ్బరికాయ తన దారిన చెరువంతా చుట్టి వచ్చింది, మళ్ళీ చుట్టింది. థర్మాకోల్ ముక్క దానికంటే మెల్లగా, మొదటి చుట్టులోనే కొంచెం లోపలికి, రెండో చుట్టులో ఇంకాస్త లోపలికి. కుర్రాడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. మావయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని బీడీ వెలిగించడం మర్చిపోయాడు. చాలాసేపటికి ముక్క ఆగిపోయింది.

మధ్య గెడ నుంచి తాడు పట్టి కొలిస్తే 11.6 మీటర్లు. మొదటి పంటలో కుర్రాడి కాలు దిగబడిన చోటు కూడా అటూ ఇటూగా అంతే. నా 13 లక్షల గళ్ళ లెక్కలో మడ్డి అంచు 8 మీటర్ల దగ్గర వచ్చింది.

ప్రింటు కాగితం పాకలో గుంజకి మేకు కొట్టి ఉంది. మావయ్య దాని మీద నేను గీసిన వలయానికి బయట బాల్‌పెన్నుతో ఇంకో వలయం గీశాడు. గీసి కాసేపు చూసి, “మిగతా మూడున్నర మీటర్లు ఏమయ్యాయే?” అన్నాడు.

“నేల గరుకు తక్కువ పెట్టానేమో మావయ్యా. చూడాలి.”

“గరుకా? దిగి చూడు మరి” అని తువ్వాలు నా మీద పడేశాడు.